పూర్వుల ఆరోగ్యసూత్రములు – నేటి జీవనము

ఎనిమిది నెలల బిడ్డకు తెల్లవారుజాము నుండి నీళ్ల విరేచనములగుచున్నవి. "లంఖణం పరమౌషధం అమ్మాయ్! కడుపు కాస్త ఎండనీ, ఈ పూటకు పాలు పట్టకు" అని నాయనమ్మ చెప్పినది. అంతలో ఆశా కార్యకర్త వచ్చి ఒక పొట్లము చేతికిచ్చి, "దీన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి చెంచాతో పట్టండమ్మా, పాలు మాత్రం మానవద్దు" అని చెప్పినది. తల్లి ఒడిలో బిడ్డ వాడిపోవుచున్నాడు. ఎదుట నిలిచిన ఇరువురును బిడ్డ మేలు కోరినవారే. నాయనమ్మ ఆరుగురు బిడ్డలను పెంచిన మనిషి. ఆమె మాటను త్రోసివేయుటకు కోడలికి నోరు రాదు. కార్యకర్త శిక్షణ పొందిన మనిషి. ఆమె చెప్పినది నిర్లక్ష్యము చేయుటకు ధైర్యము చాలదు.

ఈ సందర్భమున బిడ్డను కాపాడునది పొట్లములోని మందే. ఇందు సందేహమునకు తావు లేదు. అయితే నాయనమ్మ నేర్చిన విద్య అంతయు వ్యర్థమా? అదియును కాదు. అదే నాయనమ్మ వేసవిలో పలుచని మజ్జిగ త్రాగుమన్నను, రాత్రి ప్రొద్దుపోక మునుపే భోజనము చేయుమన్నను, బాలింతకు విశ్రాంతి కావలెనన్నను, నేటి వైద్యుడును ఆమె మాటకు తల ఊపును. పూర్వుల బోధను అంతయు నెత్తిన పెట్టుకొనుట సులభము. అంతయు విసర్జించుటయును సులభమే. దేనిని నిలుపుకొనవలెను, దేనిని సవరించుకొనవలెను, దేనిని విడిచిపెట్టవలెను అను వివేచన మాత్రము కష్టము. ఆ వివేచనకు తోడ్పడుటయే ఈ చిన్న పుస్తకము యొక్క ఉద్దేశము.

స్వస్థవృత్తమనగా నేమి?

ఆయుర్వేదము రోగములకు మందు చెప్పు శాస్త్రము మాత్రమే కాదు. ఆరోగ్యవంతుడు ఆరోగ్యవంతుడుగనే ఉండుటకు నడవదగిన మార్గమును కూడ అది బోధించినది. ఆ భాగమునకే స్వస్థవృత్తమని పేరు. వాగ్భటుని అష్టాంగహృదయమున సూత్రస్థానములోని రెండవ అధ్యాయము దినచర్యను, మూడవది ఋతుచర్యను, నాలుగవది మలమూత్రాది వేగములను ఆపుకొనుటవలన కలుగు కీడును వివరించుచున్నవి. చరకసంహితయందును ఆహారపు కొలతకు, ఋతువులకు, వేగములకు వేర్వేరు అధ్యాయములు కలవు. శరీరవ్యాపారములు సమముగా నుండుటయే గాక, మనస్సును ఇంద్రియములును ప్రసన్నముగా నున్నవానినే సుశ్రుతుడు స్వస్థుడని నిర్వచించినాడు.

ఈ గ్రంథములను జాగ్రత్తగా చదివినవారికి ఒక విషయము స్పష్టముగా తెలియును. అందు అందరికిని ఒకే నియమము చెప్పబడలేదు. వయస్సును, బలమును, దేశమును, కాలమును, చేయు పనిని చూచి నియమమును మార్చుకొనుమనియే ప్రాచీనులు చెప్పిరి. హేమంతమున తినదగినది గ్రీష్మమున తగదనిరి. బలవంతునికి తగిన వ్యాయామము దుర్బలునికి తగదనిరి. ఇట్లు పరిస్థితిని బట్టి నియమమును సవరించుకొనుట శాస్త్రద్రోహము కాదు. శాస్త్రము నేర్పిన పద్ధతియే.

నేటి మన పరిస్థితి పూర్వులు కలనైనను చూడనిది. పొలమున నడుము వంచి పని చేసిన వంశములవారు నేడు కుర్చీలలో కూర్చుండి పని చేయుచున్నారు. దీపము ఆర్పగానే నిద్రించిన ఇండ్లలో నడిరేయి వరకు చరవాణి వెలుగు ఆరుట లేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వే ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల మంది. పెద్దవారిలో నూటికి 35 మందికి రక్తపుపోటు ఉన్నట్లు అదే సర్వే తెలిపినది. ఇన్ని మార్పులు వచ్చిన తరువాత తాతలనాటి నియమమును తూచక కొలవక యథాతథముగా అనుసరించుట కుదరదు.

మూడు ప్రశ్నలు

ఇంటిలోని పెద్దలు గాని, వైద్యుడు గాని, వార్తాపత్రిక గాని ఒక పూర్వాచారమును పాటింపుమని చెప్పినప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: ఈ నియమము ఏ మేలు కోరి పుట్టినది?

రెండవది: అది పుట్టిన నాటి పరిస్థితి నేడు మన యింట ఉన్నదా?

మూడవది: దీనిని పాటించుటవలన పసిబిడ్డకు గాని, గర్భిణికి గాని, వృద్ధునకు గాని, మందులు వాడు రోగికి గాని కీడు కలుగునా?

మేలు నేటికిని నిలిచియుండి, కీడు లేనిచో దానిని సంతోషముగా నిలుపుకొనవచ్చును. మేలున్నను పరిస్థితి మారినచో కొలతను సవరించుకొనవలెను. కీడు కలుగునని తెలిసినచో, అది ఎంత ప్రాచీనమైనదైనను విడిచిపెట్టవలెను. ఈ మూడు త్రోవలకును ఉదాహరణములు మన యిండ్లలోనే కలవు.

బియ్యము నేర్పిన పాఠము

ఆధునికమైన ప్రతిదియు మేలు, పాతదైన ప్రతిదియు కీడు అను భ్రమను తొలగించుటకు బియ్యపు కథ చాలును. పూర్వము ధాన్యమును రోట పోసి రోకలితో దంచి అన్నము వండుకొనుచుండిరి. దంపుడు బియ్యమునకు పైపొర కొంత అంటియుండును. మరల యంత్రములు వచ్చినవి. మల్లెపూవు వంటి తెల్లని బియ్యము చూచి జనులు మురిసిరి. దంపుడు బియ్యము బీదల తిండి యనియు, తెల్లబియ్యము గౌరవచిహ్నమనియు తలచిరి.

ఆ తెల్లదనము వెంట బెరిబెరి అను వ్యాధి వచ్చినది. కాళ్లు తిమ్మిరెక్కుట, నీరు పట్టుట, నడవలేకపోవుట, తుదకు గుండె దుర్బలమగుట దాని లక్షణములు. జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు 19వ శతాబ్ది చివర కోళ్లకు పాలిషు బియ్యము మేపి, అట్టి జబ్బునే వాటియందు కనుగొనెను. బియ్యపు పైపొరలోని బి1 విటమిను తవుడుతోపాటు పోవుటయే దీనికి కారణమని తరువాత తేలినది. ఆ కృషికిగాను ఆయనకు 1929లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ కథతో తెలుగువారికి దగ్గర సంబంధము కలదు. నాటి మద్రాసు రాజధానిలో బెరిబెరి ఎక్కువగా కనిపించిన ప్రాంతము ఉత్తర సర్కారు జిల్లాలు, అనగా నేటి కోస్తా ఆంధ్రము. ఇక్కడివారు పచ్చి వడ్లను మరపట్టించి తినుచుండిరి. వడ్లను ఉడికించి ఆరబెట్టి బియ్యము చేసికొను ప్రాంతములలో ఆ వ్యాధి అరుదు. ఉడికించినప్పుడు పైపొరలోని విటమిను కొంత గింజలోనికి దిగి, మరపట్టినను పోకుండ నిలుచును. ఉప్పుడు బియ్యము యొక్క రహస్యమిదే. 1918లో మెకారిసన్ అను వైద్యుడు కూనూరులో ఒక చిన్న గదిలో ప్రారంభించిన బెరిబెరి పరిశోధన విభాగమే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అను పేరుతో నేటికిని పనిచేయుచున్నది.

ఇక్కడ పాత పద్ధతియే మేలైనది. అయినను మరల ప్రతి యింట రోకలి పట్టవలెనని దీని అర్థము కాదు. ఆ దంపుడు వెనుక స్త్రీల చెమట ఎంత కలదో దంచినవారికే తెలియును. యంత్రమును నిందింపక, దానిచేత తక్కువ పాలిషు పట్టించిన బియ్యమును గాని ఉప్పుడు బియ్యమును గాని వాడుకొనవచ్చును. బియ్యమును పదిమార్లు పిసికి కడుగరాదు. గంజి వార్చి పారబోయరాదు. సరిపడు నీటితో వండుకొనవలెను, లేదా గంజిని త్రాగవలెను. చద్దియన్నమును, తరవాణియు బీదతనపు గుర్తులు కావు. శుభ్రమైన నీటితో, మూతపెట్టిన పాత్రలో ఉంచినచో అవి మంచి ఆహారమే.

రాగులు, జొన్నలు, సజ్జలు, కొఱ్ఱలు కూడ ఇట్లే మరుగున పడి మరల వెలుగులోనికి వచ్చినవి. భారతదేశము చేసిన ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా పాటించినది. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించిన కాల్షియము కలదు. అంతే తెల్లబియ్యమున 10 మిల్లీగ్రాముల పరిసరములోనే ఉండును. అయితే ఇక్కడను కొలత మరువరాదు. మెత్తగా విసరి పలుచగా కాచిన రాగిజావ త్వరగా జీర్ణమై రక్తములోని చక్కెరను త్వరగా పెంచును. మధుమేహము గలవారు "ఇది చిరుధాన్యమే కదా" యని చెంబులకొలది త్రాగుట తగదు. గింజగా వండిన అన్నముగనో, కూరగాయలు పప్పు చేర్చిన రొట్టెగనో మితముగా తినవలెను. అన్నమేదైనను పళ్లెమంతయు అదే నిండరాదు. మన ఆహారమునుండి లభించు శక్తిలో ధాన్యముల భాగము నూటికి 45 వంతులను మించరాదని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించినది. మిగిలిన చోటు పప్పులకు, కూరలకు, పాలకు, పండ్లకు, తినువారైనచో గ్రుడ్లకు మాంసమునకు ఈయవలెను.

ఉప్పు, శ్రమ, నిద్ర

రెండవ త్రోవకు, అనగా కొలత సవరించుకొనుటకు, మన ఆవకాయ జాడీయే సాక్షి. వేసవిలో లభించు మామిడికాయను ఏడాది పొడుగున నిలువ చేయుటకు ఉప్పు కావలెను. ఎండలో దున్ని, చెమటలో ఉప్పు పోగొట్టుకొన్న రైతునకు మధ్యాహ్నము అన్నములో ఆవకాయ కలుపుకొనుట అంత తప్పు కాదు. ఆ జాడీ అదియే, ఆ రుచి అదియే. కాని తినువాడు మాత్రము మారినాడు. నేడు చల్లని గదిలో కూర్చుండి పని చేయువాడు అదే ముద్దను రెండు పూటల తిని, సాయంకాలము మిక్చరు పొట్లము, రాత్రి అప్పడము చేర్చుచున్నాడు. పెద్దవారికి దినమునకు మొత్తము 5 గ్రాముల కంటె తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. అది సుమారు చదునుగా కొట్టిన ఒక టీ చెంచా. పప్పులో, కూరలో, పచ్చడిలో, కొన్న తినుబండారములలో ఉన్న ఉప్పంతయు ఈ ఒక్క చెంచాలోనే ఇమడవలెను. ఆవకాయను విడువనక్కరలేదు, దానిని అన్నము కలుపుకొను కూరగా గాక, నంజుకొను రుచిగా మార్చుకొనిన చాలును. రక్తపుపోటు గలవారు వైద్యుడు చెప్పిన మేరకు ఇంకను తగ్గించుకొనవలెను.

వ్యాయామము విషయమున పూర్వులు చెప్పిన కొలత రమణీయమైనది. తన బలములో సగము వినియోగమగు వరకు మాత్రమే శ్రమింపవలెను. నుదుట చెమట పట్టి ఊపిరి వేగమైనప్పుడు ఆ సగము వచ్చినదని తెలిసికొనవలెను. నేటి వైద్యులు వారమునకు 150 నిమిషములు ఊపిరి వేగమగునట్లు నడువుమని చెప్పుచున్నారు. అనగా దినమునకు అరగంట చొప్పున వారమునకు ఐదు దినములు. ఈ రెండు మాటలకును విరోధము లేదు. ఏండ్ల తరబడి కదలక కూర్చుండి, ఒక్క దినము ఉత్సాహము పుట్టి బలమునకు మించి పరుగెత్తువారికి పూర్వుల సగము కొలత నేటికిని మంచి హెచ్చరిక. పొలములో, ఇటుక బట్టీలో, ఇంటిపనిలో ప్రొద్దంతయు శ్రమించువారికి కావలసినది మరింత వ్యాయామము కాదు, విశ్రాంతియు పుష్టికరమైన ఆహారమును.

ఆహారమును, నిద్రను శరీరమును నిలుపు స్తంభములలో చేర్చినాడు చరకుడు. పగటినిద్రను సామాన్యముగా వలదనుచునే, రాత్రులు చిన్నవై ఎండ తీవ్రమైన గ్రీష్మమున అంగీకరించిరి ప్రాచీనులు. రాత్రి కాపలా కాయువారు, ఆసుపత్రులలో రాత్రి పనిచేయు నర్సులు బ్రాహ్మీముహూర్తమున లేవలేదని నొచ్చుకొనవలదు. ఆ నియమము రాత్రి నిద్రించువానికి చెప్పినది. పగలైనను ఒకే వేళకు, చీకటి చేసికొన్న గదిలో, నిద్ర చాలునంత నిద్రించుటయే వారికి దినచర్య.

ఎండకాలపు నియమములు

గ్రీష్మమున తేలికయై, చల్లనై, ద్రవముగా నున్న ఆహారము తీసికొనవలెననియు, ఎండయును అధిక శ్రమయును వర్జింపవలెననియు ఋతుచర్య చెప్పుచున్నది. మన యిండ్లలోని అంబలి, మజ్జిగ, పుచ్చకాయ, వాకిట పెట్టు చలివేంద్రము ఈ బోధనుండి పుట్టినవే. వీనిని తప్పక నిలుపుకొనవలెను. 2015 వేసవిలో వడగాడ్పులకు దేశమున 2,000 మందికి పైగా మరణించిరి; వారిలో అధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారు.

అయితే ఎండను వర్జింపుమను మాట కూలివానికి చెప్పినంత మాత్రాన చాలదు. ఆ దినపు కూలి మానినచో ఆ రాత్రి పొయ్యి వెలుగదు. కావున పని వేళలను ఉదయమునకు సాయంకాలమునకు మార్చుట, పనిచోట నీడయు త్రాగునీరును ఏర్పరచుట పని చేయించువారి బాధ్యత. ఇంకొక మాట. వడదెబ్బ తగిలి ఒళ్లు కాలిపోవుచు, మాట తడబడుచు, తెలివి తప్పుచున్నవానికి ఉల్లిపాయ రసము రాయుచు కాలము గడుపరాదు. నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు చల్లి విసరుచు, వెంటనే 108కి ఫోను చేయవలెను. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు.

ఆపుకొనరాని వేగములు

మలమూత్రములు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పి, నిద్ర మొదలగు పదమూడు వేగములను బలవంతముగా ఆపరాదని చరకుడు బోధించినాడు. ప్రాచీన బోధలలో నేడు అత్యంతము అవసరమై, అత్యంతము విస్మృతమైనది బహుశః ఇదియే. మరుగుదొడ్డి శుభ్రముగా లేదని పాఠశాలలో ఆడపిల్లలు ఉదయమునుండి నీరు త్రాగక, మూత్రము ఆపుకొని సాయంకాలము ఇంటికి వచ్చుచున్నారు. బస్సు కండక్టర్లు, దుకాణములలో నిలువుకాళ్ల పనిచేయు స్త్రీలు, రహదారి కూడలిలో నిలుచు పోలీసులు ఇట్లే బాధపడుచున్నారు. దీనివలన మూత్రమార్గమున మంట, జ్వరము, మలబద్ధకము కలుగుచున్నవి. ఇంటిలో తల్లి ఎంత బోధించినను, పాఠశాలలో నీళ్లున్న మరుగుదొడ్డి లేనిచో పిల్ల ఏమి చేయగలదు? ఒక్కొక్కప్పుడు పూర్వుల బోధను ఆచరణలో పెట్టవలసినది వ్యక్తి కాదు, పంచాయతీయు పాఠశాలయు.

లంఖణము ఎవరికి?

ఇప్పుడు మొదటి యింటికి మరలి వత్తము. అజీర్ణము చేసిన పెద్దవాడు ఒక పూట భోజనము మానుట మంచిదే. లంఖణము అను మాట ఆ మేలు కోరి పుట్టినది. కాని సామెత పొట్టిది; శాస్త్రము పొడుగైనది. గర్భిణిని, బాలింతను, బాలుని, వృద్ధుని కృశింపజేయక పోషింపవలసినవారిలో చేర్చినాడు వాగ్భటుడు. చరకసంహిత సూత్రస్థానము రెండవ అధ్యాయములో ఇరువది యెనిమిది విధముల గంజులు చెప్పబడినవి; వానిలో కొన్ని అతిసారమునకు ఉద్దేశింపబడినవే. పసిబిడ్డ కడుపును ఎండగట్టుమని శాస్త్రము చెప్పలేదు. నోటినుండి నోటికి వచ్చునప్పటికి సామెత మిగిలి, దాని హద్దులు జారిపోయినవి.

విరేచనములలో బిడ్డ ప్రాణమును తీయునది కడుపులోని మలినము కాదు. శరీరమునుండి పోవు నీరును ఉప్పును. పోయిన దానిని పోసినచో బిడ్డ బ్రతుకును. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధకాలమున బనగావ్ శరణార్థి శిబిరములలో కలరా వ్యాపించినది. నరములకెక్కించు సెలైను చాలలేదు. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగింపజేసిరి. నూటికి 30 మంది వరకు చనిపోవుచున్న చోట మరణములు నూటికి నాలుగు లోపునకు దిగినవి. నేడు అంగన్‌వాడీలో లభించు పొట్లము ఆ నీటి వారసురాలే.

బిడ్డకు విరేచనములు మొదలైనప్పుడు చేయవలసినది ఇది:

1. తల్లిపాలు మానరాదు; మునుపటి కంటె ఎక్కువమార్లు ఈయవలెను. ఆరు నెలలు దాటిన బిడ్డకు మెత్తని అన్నము, పప్పుకట్టు కూడ కొనసాగింపవలెను.

2. ఓఆర్‌ఎస్ పొట్లమును మొత్తము, దానిపై వ్రాసినంత శుభ్రమైన నీటిలో కలుపవలెను. సగము పొట్లము కలుపరాదు. కలిపిన నీటిని ఒక దినము దాటి వాడరాదు.

3. రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, రెండేండ్లు దాటినవారికి 100 నుండి 200 మిల్లీలీటర్లు కొంచెము కొంచెముగా పట్టవలెను. వాంతి చేసికొన్నచో పది నిమిషములాగి మరల మెల్లగా పట్టవలెను.

4. పొట్లము దొరకనిచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో చదునుగా కొట్టిన ఆరు టీ చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును కలుపవలెను. ఉప్పు వేసిన గంజియు మంచిదే.

5. ఆరోగ్య కార్యకర్త ఇచ్చు జింకు మాత్రలను, విరేచనములు కట్టినను, 14 దినములు పూర్తిగా వాడవలెను.

6. కన్నులు గుంటలు పడినను, బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకపోయినను, మలములో రక్తము కనిపించినను క్షణమాగక ఆసుపత్రికి చేర్పవలెను.

పెద్దల ఉపవాసములకును ఇదే వివేకము వర్తించును. ఏకాదశియైనను, రంజాను మాసమైనను, ఆరోగ్యవంతుడు ఉపవసించుటలో ఆక్షేపణ లేదు. కాని ఇన్సులిను గాని, చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారు మందు వేసికొని అన్నము మానినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. చెమట, వణకు, కండ్లు తిరుగుట దాని గుర్తులు. వారు వ్రతమునకు ముందే వైద్యునితో మాటలాడి మందు మోతాదును, వేళను మార్పించుకొనవలెను.

గర్భిణి, బాలింత, పసిబిడ్డ

కాన్పయిన స్త్రీకి మూడు నెలలు విశ్రాంతి, ఒంటికి నూనె మర్దన, వేడినీళ్ల స్నానము, పుట్టింటివారి ఆదరణ ఇవి మన సంప్రదాయములోని ఉత్తమ భాగములు. వీనిని ఏ ఆసుపత్రియు ఈయలేదు. కాని పథ్యమను పేర బాలింతకు నీరు తగ్గించుట, కూరలు పండ్లు మాన్పించుట తగదు. పాలిచ్చు తల్లికి ఎక్కువ నీరును, ఎక్కువ ఆహారమును కావలెను.

బిడ్డ పుట్టిన గంటలోపల తల్లి రొమ్ము పట్టవలెను. పసుపుపచ్చగా వచ్చు తొలి పాలు చెడ్డవి కావు. బిడ్డకు అవి మొదటి రక్ష. వానిని పిండి పారబోయు ఆచారమును విడువవలెను. నాలుకకు తేనె రాయు వేడుక కూడ వలదు. ఏడాది నిండని బిడ్డకు తేనెవలన ప్రాణాపాయమైన విషక్రిమి దోషము కలుగవచ్చును. ఆరు నెలలు నిండు వరకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కరలేదు. బిడ్డ ఒంటికి నూనె రాయుట మేలే గాని, ముక్కులలో చెవులలో పోయరాదు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తులలోనికి దిగి జబ్బు చేయును. సాంబ్రాణి పొగను మూసిన గదిలో బిడ్డ మొగమునకు దగ్గరగా పట్టరాదు. బజారులో అమ్ము సుర్మాలలో సీసము కలిసియుండవచ్చును గనుక దానిని బిడ్డ కంటికి పెట్టరాదు.

గర్భిణులకు నాలుగవ నెల నుండి 180 దినములు, కాన్పు తరువాత మరి 180 దినములు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్ర ఇచ్చుచున్నారు. ఈ ఫోలిక్ ఆమ్లము వెనుక ఒక తెలుగువాని కృషి కలదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో బోధించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పిమ్మట అమెరికాకు వెళ్లిరి. 1940ల దశకమున ఆయన నాయకత్వములోని పరిశోధకులు అక్కడ ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారు చేసిరి. ఆయుర్వేదమును ఆదరించుటకును, ప్రయోగశాలలో పరిశోధించుటకును ఒకే జీవితమున చోటు చాలినది.

ఔషధముల విషయము

దినచర్య వేరు, ఔషధము వేరు. మజ్జిగ త్రాగుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. మందునకు అక్కర కలదు. "మూలిక గనుక హాని లేదు" అను మాట సరికాదు. పనిచేయు శక్తి గల వస్తువునకు కీడు చేయు శక్తియు ఉండును. సర్పగంధి వేరును మన వైద్యులు తరతరములుగా వాడుచుండిరి. దానికి రక్తపుపోటును తగ్గించు గుణము కలదని డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటించిరి. 1952లో ఆ వేరునుండి రిసర్పిను అను పదార్థమును వేరుచేసిరి. అది కొంతకాలము లోకమంతట వాడబడినది. కాని కొందరిలో అది మనస్సును కృంగదీయుచున్నదనియు తెలిసినది. అంతకంటె అనుకూలమైన మందులు రాగా దాని వాడుక తగ్గినది. పరీక్షవలన మూలిక గొప్పదనమును, దాని హద్దును రెండును తెలిసినవి.

అతిమధురము దగ్గునకు మంచిదే. ఎక్కువ కాలము ఎక్కువగా వాడినచో రక్తపుపోటును పెంచును, శరీరములోని పొటాషియమును తగ్గించును. చక్కెర మాత్రలు వాడుచు, వైద్యునికి చెప్పక చక్కెరను తగ్గించు మూలికా చూర్ణములను చేర్చినచో రెండును కలిసి చక్కెరను మితిమీరి దింపవచ్చును. 2004లో అమెరికాలోని బోస్టను పరిసరములలో దక్షిణాసియా దుకాణములలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షింపగా, 14 మందులలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో హానికరమగు మోతాదున కనిపించినది. కావున లోహభస్మములను అర్హుడైన వైద్యుని పర్యవేక్షణ లేక వాడరాదు. డబ్బాపై తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ, గడువు లేని మందును కొనరాదు. సంతలో విప్పి అమ్ము పొడిని, పేరు చెప్పని పొట్లమును నమ్మరాదు.

మన ప్రభుత్వము ఆయుర్వేదము, యోగము, యునాని, సిద్ధ, హోమియోపతి మొదలగు పద్ధతులకు 2014లో ప్రత్యేక మంత్రిత్వ శాఖను ఏర్పరచినది. ఈ పద్ధతులలో పట్టము పొందిన వైద్యులు ఎందరో కలరు. ఎవరిని ఆశ్రయించినను, మీరు వాడు మందులన్నింటిని, కషాయములతో సహా, దాచక చెప్పవలెను. ఆసుపత్రి డాక్టరు వెక్కిరించునని చూర్ణమును, ఆయుర్వేద వైద్యుడు నొచ్చుకొనునని మాత్రలను దాచినచో చివరకు నష్టపడునది రోగియే. రొమ్ము నొప్పి, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట, పాము కాటు, కాన్పులో రక్తస్రావము వంటి ఆపదలలో ఇంటి చికిత్సకు తావు లేదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

పెద్దలతో మాటలాడు విధము

నాయనమ్మను ఓడించుట మన ఉద్దేశము కాదు. బిడ్డను గెలిపించుట మన ఉద్దేశము. "నీ కేమియు తెలియదు" అనిన కోడలి మాట ఆ యింట చెల్లదు. "అత్తయ్యా, మీరు చెప్పిన గంజినే ఉప్పు వేసి కాచి పడదాము, ఈ పొట్లం నీళ్లు కూడ మీ చేత్తోనే పట్టండి" అనిన మాట చెల్లును. గంజి కాచుట నాయనమ్మకు తెలిసిన విద్యయే; బిడ్డ తేరుకొనుట చూచిన తరువాత ప్రక్కయింటి కోడలికి ఆ పొట్లము సంగతి చెప్పునది ఆమెయే. ఆరోగ్య కార్యకర్తలును ఈ మర్మమును గ్రహింపవలెను. ఒక యింటి ఆచారములలో పది మంచివి చూచి మెచ్చుకొనినచో, పదునొకండవది కీడని చెప్పినప్పుడు ఆ యింటివారు చెవియొగ్గుదురు.

పూర్వులు తమ కాలమున కన్నులు తెరచి చూచి, అనుభవమును పోగు చేసి, దేశకాలములను బట్టి నియమములు ఏర్పరచిరి. వారినుండి మనము నేర్వవలసినది ఆ నియమముల జాబితా మాత్రమే కాదు, ఆ చూచు పద్ధతి కూడ. చలివేంద్రమును నిలుపుదము, ఆవకాయను కొలుతము, పసిబిడ్డ లంఖణమును విడుతము. ఈ రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు మీ యింటి పెద్దలను ఒక నియమమును గూర్చి అడుగవలెను: అది ఎందులకు పుట్టినది? దానికి వారు చెప్పు జవాబును శ్రద్ధగా వినవలెను. పై మూడు ప్రశ్నలలో మొదటి దానికి జవాబు తరచుగా వారివద్దనే లభించును.